తవిటినాయుడి ఏనుగులు

నేను ఒక చదరంగం పెట్టెను. తెరిచి పరిస్తే అరవైనాలుగు గళ్ల బల్లను. మడిచి కొక్కెం పెడితే ముప్పైరెండు కాయలను కడుపులో దాచుకునే పెట్టెను. ఎవరో ఒకరు తెరిస్తే తప్ప నాకు వెలుతురు లేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే తప్ప నాకు పని లేదు. అలాంటిది, నా బతుకులో మంచి భాగమంతా ఒకే ఒక్క మనిషి ముందు గడిచింది. అతని పేరు తవిటినాయుడు. నా కథ చెప్పుకుందామనే మొదలుపెట్టాను గాని, చెప్పుకుంటూ పోతే ఇది ఎక్కువగా అతని కథే అవుతుంది.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. నన్ను చేసిన నూకరాజు మర మీద అంకుడు కర్రను గిర్రున తిప్పుతూ, ఉలి ఆనించి కాయలు తీశాడు. తిరిగే కర్రకు లక్క ముద్ద నొక్కితే ఆ వేడికే కరిగి రంగు పట్టుకునేది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వచ్చేది. ఒక దళానికి పసుపు, ఇంకో దళానికి ఎరుపు. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, బంటు, అన్నీ గుండ్రని ఒళ్లు గలవే కాబట్టి చక్కగా కుదిరాయి. చిక్కంతా గుర్రాలతోనే వచ్చింది. మర గుండ్రటివి తప్ప చెయ్యలేదు, గుర్రం గుండ్రంగా ఉండదు. చివరికి నూకరాజు చాకు పట్టి నాలుగు తలలు చెక్కాడు. అవి నిద్రపోతున్న దూడల్లా వచ్చాయి.

"ఇవి గుర్రాలా, దూడలా?" అని అడిగాడు కొనడానికి వచ్చిన బ్యాంకు ఆఫీసరు.

"తవరు గుర్రాలనుకుంటే గుర్రాలేనండి బాబూ" అన్నాడు నూకరాజు, తల ఎత్తకుండానే.

ఆ ఆఫీసరు నన్ను విశాఖపట్నం తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టాడు. ఆరేళ్లు అందులోనే ఉన్నాను. ఇంటికొచ్చిన ప్రతివారికీ నన్ను చూపించేవారు గాని ఒక్కసారీ ఎవరూ ఆడలేదు. ఒక వస్తువును కళ అని పిలవడం మొదలుపెడితే చాలు, మనుషులు దాన్ని వాడటం మానేస్తారు. బదిలీ అయినప్పుడు ఆయన నన్ను ఆఫీసులో ఒక మిత్రుడికి కానుకగా ఇచ్చాడు. ఆ మిత్రుడు నన్ను పార్వతీపురం బస్సులో సామాన్ల అరమీద పెట్టాడు. కిటికీ పక్కన హాయిగా నిద్రపోయాడు. తన ఊరు రాగానే ఉలిక్కిపడి లేచి దిగిపోయాడు. నేను దిగలేదు. ఆ కుదుపుల్లో కొక్కెం ఊడి ఒక పసుపు బంటు ఎక్కడో దొర్లిపోయింది. దాని స్థానంలో ఇప్పటికీ ఒక పెన్ను మూత నిలబడుతుంది.

బస్సులో మర్చిపోయిన సామాన్లన్నీ చేరేది డిపో వెనకవైపు ఒక చిన్న గదికి. అక్కడ గొడుగులు, టిఫిన్ క్యారియర్లు, ఒంటి చెప్పులు, ఒక కట్టుడు పళ్ల జత, ఫ్రేము కట్టిన ఎవరిదో పెళ్లి ఫోటో ఉండేవి. కట్టుడు పళ్ల కోసం మూడో రోజే ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. పెళ్లి ఫోటో కోసం ఎవరూ రాలేదు. నాకోసం కూడా.

ఆ గదికి కాపలా తవిటినాయుడు. అంతకుముందు ఇరవై రెండేళ్లు అతను కండక్టరు. డిపో గుమస్తా బెహరా గారు ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చి కూర్చుని ఆ రోజుల గురించి చెప్పేవారు. "నాయుడు మెట్టు మీద నిలబడి వీరఘట్టం, పార్వతీపురం అని ఒక్క కేక పెడితే, జనాలు టీ గ్లాసులు ఒదిలీసి పరుగెత్తుకొచ్చీవోరు. ఆ బస్సుకి హారనెందుకు?" అనేవారు. తవిటినాయుడు నవ్వేవాడు. నవ్వు మొహంలో కనబడేది గాని చప్పుడు వచ్చేది కాదు.

అతని గొంతులో కంతి లేచింది. విశాఖపట్నం ఆసుపత్రిలో స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడ ముందు భాగంలో ఉన్న రంధ్రంతో ఊపిరి పీల్చేవాడు. దానికి అడ్డంగా ఎప్పుడూ తెల్లటి రుమాలు కట్టుకునేవాడు. ఎనిమిది నెలల తర్వాత డ్యూటీలో చేరితే, కేకలు వెయ్యలేని కండక్టరుకు ఈ గది చూపించారు.

సామాన్ల కోసం వచ్చినవాళ్లు అతనికి మాట లేదని తెలియగానే గట్టిగా అరిచేవారు. "నా గొడుగు! నల్లది! చెక్క పిడి!" అని ఒక్కొక్క ముక్కా విడదీసి చెవి దగ్గర చెప్పేవారు. గొంతు పోయినవాడికి చెవులు కూడా పోయి ఉంటాయని మనుషుల నమ్మకం. తవిటినాయుడు ఓపికగా తల ఊపి గొడుగు తెచ్చి ఇచ్చేవాడు.

చదరంగం అతను ఆసుపత్రిలో నేర్చుకున్నాడు. పక్క మంచం మీదాయన రోజంతా ఫోనులో ఎవరెవరితోనో ఆడుతూ ఉండేవాడట. ఆయనకూ గొంతు జబ్బే. ఇద్దరికీ మాట లేదు కాబట్టి వేలితో చూపిస్తూనే ఏనుగు ఎలా నడుస్తుందో, గుర్రం ఎలా దూకుతుందో నేర్పాడు. ఒకరోజు తవిటినాయుడు స్కానింగుకు వెళ్లి వచ్చేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఇదంతా అతను ఒక నోటు పుస్తకంలో బెహరా గారికి రాసి చూపించాడు. బెహరా గారు పైకి చదివారు కాబట్టి నాకు తెలిసింది.

గదిలో మధ్యాహ్నం పూట ఎవరూ రారు. అప్పుడు తవిటినాయుడు ఫోను తెరిచి ఆడేవాడు. ఐదు నిమిషాల ఆటలు. వరసగా ఓడిపోయేవాడు. ఆటగాడి స్థాయిని బట్టి ఆ సైటు ఒక అంకె ఇస్తుంది, దాన్ని రేటింగ్ అంటారు. కొత్తగా చేరినప్పుడు అతనిది ఎనిమిది వందలు. రెండు నెలల్లో అది ఐదు వందల డెబ్బైకి దిగింది. ఒకరోజు అలా ఓడిపోయి, ఫోను బల్లమీద పెట్టి, తల ఎత్తి ఎదురుగా ఉన్న అర వైపు చూశాడు. నేను కనబడ్డాను.

నన్ను దించి దుమ్ము తుడిచాడు. కాయలు పరిచాడు. ఇందాక ఫోనులో తాను ఓడిపోయిన ఆటను మొదటి నుంచీ నా మీద ఒక్కొక్క ఎత్తే ఆడుకుంటూ వచ్చాడు. ఒక చోట ఆగాడు. మూల నుంచి మూలకు శత్రు శకటు దారి తెరుచుకుని ఉంది. గాజు తెర మీద అరచేతంత బొమ్మలో కనబడని దారి, అంకుడు కర్ర మీద తిన్నగా కనబడింది. అతను వేలితో ఆ దారి పొడుగునా గీశాడు. అతని చెయ్యి బరువు నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

ఏడాదికోసారి ఎవరూ అడగని సామాన్లను వేలం వేస్తారు. నా వంతు వచ్చినప్పుడు తవిటినాయుడు చెయ్యి ఎత్తాడు. ఎవరూ పోటీకి రాలేదు.

"నీకెందుకు నాయుడూ ఇది? ఆడ్డానికి ఎదురుగా ఎవులున్నారు?" అన్నారు బెహరా గారు.

తవిటినాయుడు పుస్తకం తీసి "ఉన్నారు" అని రాశాడు. అప్పటికి ఎవరూ లేరు.

అతని ఇల్లు రెండు గదులు. కిటికీ పక్కన ఒక ముక్కాలి పీట వేసి దాని మీద నన్ను పెట్టాడు. ఇంట్లో ఇంకో మనిషి అతని భార్య అచ్చియ్యమ్మ. పెళ్లయినప్పటినుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ అతనివే. డ్యూటీ దిగి వచ్చి, బస్సులో ఎవరు ఏమన్నారో, ఎవరి మేక ఎవరి బుట్టలో మూతి పెట్టిందో, గొంతులు మార్చి చెప్పేవాడట. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని నవ్వేదట. ఇప్పుడు అతను ఏదైనా చెప్పాలంటే రాయాలి. ఆమెకు చదువు రాదు. మొదట్లో ఆ కాగితం పట్టుకుని పక్కింటికి వెళ్లి చదివించుకుని వచ్చేది. కూరలో ఉప్పు ఎక్కువైందనో, నీళ్లు కాచమనో అయితే ఫరవాలేదు. "భయంగా ఉంది" అని రాసిన కాగితాన్ని పక్కింటివాళ్ల చేత చదివించుకోవాల్సి వచ్చిన రోజున అతను ఇంట్లో రాయడం మానేశాడు. తర్వాత ఆమె మాట్లాడేది, అతను తల ఊపేవాడు. కొన్నాళ్లకు ఆమె మాటలు కూడా తగ్గాయి.

ఐదు నిమిషాల ఆటలు వదిలేసి, తవిటినాయుడు మూడు రోజుల ఆటలకు మారాడు. ఒక్కొక్క ఎత్తుకు మూడు రోజుల గడువు. పొద్దున్న ఎదుటివాళ్ల ఎత్తు ఫోనులో చూసి నా మీద జరిపేవాడు. సాయంత్రం డిపో నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా ముందు కూర్చుని ఆలోచించేవాడు. ఆట ఫోనులో నడిచేది, ఆలోచన నా మీద నడిచేది.

అతని ఆట ఎలా ఉండేదో నాకంటే బాగా చెప్పగలవారు లేరు. అతను ఎవరినీ వదులుకోలేడు. బంటు పోతుందంటే దాని వెనక ఇంకో బంటును, దాని వెనక గుర్రాన్ని నిలబెట్టేవాడు. రాజు చుట్టూ అందరినీ చేర్చి, నిండు బస్సులా కిక్కిరిసి కూర్చునేవాడు. గుర్రాలంటే అతనికి నమ్మకం లేదు, వంకరగా దూకుతాయని. ఇరవై ఎత్తుల దాకా అవి పుట్టిన గళ్లలోనే ఉండేవి. ఏనుగులంటే మాత్రం ప్రాణం. ఏనుగు రోడ్డు మీద బస్సులాగా తిన్నగా పోతుంది. దానిమీద శత్రువు చూపు పడిందంటే చాలు, చేతిలో ఉన్న గెలుపును సైతం పక్కన పెట్టి ముందు ఏనుగును తప్పించేవాడు. అలా ఏనుగును కాపాడుకుని ఆట పోగొట్టుకున్న సందర్భాలు నా గళ్లకు బాగా గుర్తు.

అయినా మెల్లగా బాగుపడ్డాడు. పన్నెండో ఎత్తుకే కట్టయిపోయే ఆట ఇరవైకి, తర్వాత ముప్పైకి సాగింది. ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు వేశాడని తనను తాను ప్రశ్నించుకోవడం నేర్చుకున్నాడు. నన్ను తిప్పి, అవతలి వైపు నుంచి చూడటం మొదలుపెట్టాడు. రేటింగు ఏడు వందలు దాటింది, తొమ్మిది వందలు దాటింది. ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరికి చెబుతాడు?

అప్పుడు గంగజల వచ్చింది.

ఆమెతో మొదటి ఆట ఇరవై మూడు ఎత్తుల్లో ఓడిపోయాడు. ఆట అయ్యాక ఆమె తన ఫోను నంబరు రాసింది. ఇతను నమస్కారం అని పంపితే, అవతలి నుంచి గొంతు వచ్చింది. రాయడమంటే ఆమెకు బద్ధకం. ఫోనులో మాటలు రికార్డు చేసి పంపేది.

"నమస్తే అన్నా. నా పేరు గంగజల. మాది జగిత్యాల దిక్కు, కోళ్ల ఫారం నడుపుత. చిన్నప్పుడు స్కూల్ల జిల్లా దాక పోయి ఆడిన. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. రాజు చుట్టు గంతమందిని నిలవెడ్తే ఆయినకు గాలెట్ల ఆడ్తదే?"

ఆ మాటల వెనక వేల కోళ్లు ఒకేసారి అరుస్తున్నాయి. తవిటినాయుడు అది నాలుగుసార్లు విన్నాడు.

అలా ఏడాదిన్నర. ఒక ఆట అవగానే ఇంకోటి. ఆమె ఎత్తు వేసి, ఒక్కోసారి దానితోపాటు నాలుగు మాటలు పంపేది. దాణా బస్తాలు దింపేవాళ్లు రాలేదనో, ఎండకు కోళ్లు చస్తున్నాయనో, "ఆ గుర్రాన్ని బయటికి తియ్యన్నా, దానికి తుప్పు వట్టింది" అనో. అంత పెద్ద ఫారంలో ఇద్దరు కూలీలు, ఆమె. సాయంత్రానికి కూలీలు వెళ్లిపోతారు. "ఇగ కోళ్లతోని నేను, నాతోని కోళ్లు" అని నవ్వేది. ఇతను రాసి జవాబిచ్చేవాడు. నువ్వెందుకు మాట్లాడవని ఒకసారి అడిగితే, డిపోలో బస్సుల చప్పుడు, ఏమీ వినబడదు అని రాశాడు. ఫోను అవతల తనను మాట ఉన్న మనిషిగా అనుకునేది ఆమె ఒక్కతే. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేకపోయింది.

మొదటిసారి ఆ గొంతు విన్న రోజున అచ్చియ్యమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవులయ్యా ఆ మనిసి?"

తవిటినాయుడు నన్ను చూపించాడు. తర్వాత ఫోనును చూపించాడు. ఆమె నమ్మినట్టు లేదు. అతను మళ్లీ వినిపించాడు. ఆమె చెవి ఒగ్గి విని, "ఎనకాల కోళ్లు అరుస్తన్నాయేటి?" అంది. ఆ తర్వాత ఆమె అనుమానం సగానికి సగం తగ్గింది. కొన్నాళ్లకు తనే అడిగేది, "ఈయేల కోళ్లమ్మి ఏటన్నాది?" అని. అతను వినిపించేవాడు. ఇద్దరూ వినేవారు. ఆ ఇంట్లో సాయంత్రం పూట వినబడే కబుర్లు అవే.

గంగజలతో పదిహేను పైగా ఆటల్లో తవిటినాయుడు ఒక్కటీ గెలవలేదు. మూడు సమానంగా ముగిశాయి. అయితే ఆ చలికాలం మొదలుపెట్టిన ఆటలో సంగతి వేరే. ఇరవై ఐదో ఎత్తుకు అతని గుర్రాలు రెండూ బయట ఉన్నాయి. ఆమె రాజు ముందు బంట్లు చెదిరి ఉన్నాయి. వేరేవాళ్ల మీద గెలుపులతో అతని రేటింగు అప్పటికి పదకొండు వందల ఎనభై. ముప్పయ్యో ఎత్తుకు గంగజల తన శకటును జరిపి అతని ఏనుగు మీద గురి పెట్టింది.

మొదటి రోజు సాయంత్రం అతను ఏనుగును పక్క గడికి జరిపి చూశాడు. ఆమెకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. వెనక్కి జరిపి చూశాడు. అదే. రెండో రోజు ఆదివారం. అన్నం తిని కూర్చున్నవాడు దీపాలు పెట్టేదాకా లేవలేదు. ఇక్కడ గెలుపు ఉందని అతనికి తెలుస్తోంది. ఎక్కడుందో తెలియడం లేదు. గుర్రం దగ్గరికి వేలు వెళ్లేది, ఏనుగును చూసి ఆగిపోయేది. చెప్పగలిగితే నేను చెప్పేదాన్ని. చెక్కకు మాట లేదు.

మూడో రోజు పొద్దున్న, గడువు ఇంకా కొన్ని గంటలే ఉందనగా, తవిటినాయుడు ఫోనులో ఇంకో చోటు తెరిచాడు. అక్కడ ఒక యంత్రం ఉంటుంది. కాయలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపిస్తే మంచి ఎత్తు ఏదో అది చెబుతుంది. ఆడుతున్న ఆట మధ్యలో దాన్ని అడగడం తప్పని ఆడేవాళ్లందరికీ తెలుసు. అతను కాయలన్నీ అందులో అమర్చాడు. ఒక్క క్షణంలో జవాబు వచ్చింది. ఏనుగును అలాగే వదిలెయ్యి, గుర్రాన్ని ఆమె రాజు పక్కకు దూకించు. ఏనుగును చంపితే మూడు ఎత్తుల్లో ఆట కట్టు.

అతను ఆ ఎత్తును నా మీద వేసి చూశాడు. నిజమే. చాలా అందమైన ఎత్తు. అతని చెయ్యి మాత్రం ఎప్పుడూ లేనంత తేలికగా, ఎవరిదో వస్తువు పట్టుకున్నట్టు, గుర్రాన్ని పెట్టింది. తర్వాత ఫోనులో వేశాడు. చెప్పులు వేసుకుని డిపోకు పోయాడు.

తర్వాతి ఎత్తులు తనే ఆడాడు. అవి కష్టం కావు. గంగజల ఏనుగును ముట్టుకోలేదు. నాలుగు రోజులు, నాలుగు ఎత్తులు లాగి, ఓటమి ఒప్పుకుంది. సాయంత్రానికి ఆమె మాట వచ్చింది.

"గెలిచినవన్నా! నన్ను గెలిచినవ్. ఏనుగును గట్ల ఒదిలిపెట్టి గుర్రాన్ని దూకిచ్చినవ్ సూడు, నాకు దిమ్మ తిరిగింది. ఎట్ల కనవడ్డదన్నా నీకు?"

అచ్చియ్యమ్మ చేతులు చరిచింది. "గెలిసినావా? కోళ్లమ్మినే గెలిసినావా?" అని బెల్లం ముక్క తెచ్చి అతని నోట్లో పెట్టబోయింది. అతను మొహం తిప్పుకున్నాడు. అంతలో ఫోను మోగింది. ఈసారి గొంతు పంపలేదు, గంగజల నేరుగా ఫోను చేసింది. గెలిచినవాడితో ఒక్కసారి మాట్లాడాలని. ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. అతను దాన్ని చూస్తూ కూర్చున్నాడు. మూడోసారి మోగి ఆగాక గంగజల గొంతు వచ్చింది, పొట్టిగా. "ఎత్తరాదన్నా? సరే తియ్."

ఆ వారమంతా ఆ ఆట నా మీదే ఉండిపోయింది. ఒక సెలవు రోజున నా మూల మీద పుస్తకం ఆనించి, అతను రాయడం మొదలుపెట్టాడు. రాశాడు, చించాడు. ఒక కాగితంలో యంత్రాన్ని ఎందుకు అడగాల్సి వచ్చిందో రాశాడు. చించాడు. ఇంకో దానిలో తన గొంతు సంగతి మొత్తం రాశాడు. అది చాలాసేపు చదువుకుని, జాలి అడిగినట్టుంటుందనుకున్నాడో ఏమో, దాన్నీ చించాడు. చివరికి మిగిలింది నాలుగు వరసలు.

"చెల్లమ్మా, ముప్పై ఒకటో ఎత్తు నాది కాదు. యంత్రాన్ని అడిగి వేశాను. మిగతావన్నీ నావే. నువ్వు మెచ్చుకున్న ఎత్తు మాత్రం నాది కాదు."

అదే ఫోనులో పంపాడు. ఆమె చదివినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

ఒక రోజు గడిచింది. మూడు రోజులు. అయిదు. తవిటినాయుడు కాయలు పెట్టెలో సర్దేసి కొక్కెం పెట్టాడు. చీకట్లో ఉండటం నాకు కొత్త కాదు. ఆరేళ్ల బీరువా, ఏడాది పైగా గొడుగుల మధ్య. ఈ చీకటిలో మాత్రం బయట జరిగేది వినబడుతూ ఉండేది, అందుకే ఇది ఎక్కువ కష్టమనిపించింది. కంచం చప్పుడు, నీళ్ల చెంబు చప్పుడు. మనుషుల చప్పుడు లేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం అచ్చియ్యమ్మ అడిగింది.

"కోళ్లమ్మి మాటాడ్డం నేదేటి? ఏటయ్యింది?"

తవిటినాయుడు కొక్కెం తీశాడు. కాయలు పరిచి, ముప్పయ్యో ఎత్తు దాకా తెచ్చి ఆపాడు. ఏనుగును చూపించాడు. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని కాదన్నట్టు తల ఊపాడు. గుర్రాన్ని దూకించాడు. ఫోనును చూపించాడు. మళ్లీ తల ఊపాడు. అచ్చియ్యమ్మ కాయల వంక, అతని వంక చూసింది.

"నాకు తెలడం నేదయ్యా" అంది.

అతను మళ్లీ మొదటి నుంచి చూపించబోయాడు. ఏనుగును ఎత్తాడు. కాయ జారి, దొర్లి, నేల మీద పడింది. అతను దాన్ని తియ్యడానికి వంగి, వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఏడిచినా అతనికి చప్పుడు రాదు. రుమాలు మాత్రం గాలికి కొట్టుకున్నట్టు కదులుతోంది.

అచ్చియ్యమ్మ దగ్గరికి వచ్చింది. తర్వాత ఫోను చేతిలోకి తీసుకుంది. రోజూ చూస్తున్నదే కదా, ఏది నొక్కితే గంగజల మాట వినబడుతుందో ఆమెకు తెలుసు. పక్కనే ఉన్న మైకు గుర్తును నొక్కి పట్టుకుంది.

"అమ్మా కోళ్లమ్మీ, నాను నాయుడు పెళ్లాన్ని, అచ్చియ్యమ్మని. పదిహేను దినాలయ్యింది నీ మాటిని. ఏటి తప్పు సేసినాడో నాకు తెల్దు. సెప్పడానికి ఆయనికి మాట నేదు కదమ్మా. గొంతుకి ఆపరేసను సేసి తీసీసినారు కదా, మూడేళ్లయ్యింది. రాత్తాడు, నాకు సదువు రాదు. నీకైతే రాత్తే తెలుత్తాది. అందుకని నీతోటి ఆడుకుంటన్నాడు. తప్పు సేసుంటే తిట్టమ్మా. తిట్టు గాని, మాటాడకుండా ఉండకు."

తవిటినాయుడు లేచి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సగంలో ఆగింది. అచ్చియ్యమ్మ అప్పటికే వేలు తీసేసింది.

"ఏటలగ సూస్తావు?" అంది. "ఆ యమ్మికి సెప్పనేదా నువ్వు, మాట నేదని?"

అతను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె కింద పడిన ఏనుగును తీసి, కొంగుతో తుడిచి, తెలియక గుర్రం గడిలో పెట్టి, లోపలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న గంగజల జవాబు వచ్చింది. కోళ్ల చప్పుడు తక్కువగా ఉంది, ఎక్కడో దూరంగా వచ్చి నిలబడి మాట్లాడినట్టు.

"అన్నా, వదిన చెప్పింది విన్న. నీకు గొంతు లేదన్న ముచ్చట నాకు తెల్వది. తెల్వక మూడు మాట్ల ఫోన్ చేసి కోపం చేసిన. గది నా తప్పు. గని ఎత్తు సంగతి వేరే. నువ్వు చెప్పకముందే నాకు ఎర్కనే అన్నా. ఏడాదిన్నర సంది నీతోని ఆడుతున్న. ఏనుగును ఒదిలిపెట్టి పోయేటోనివి కావు నువ్వు. గా ఎత్తు చూడంగనే, గక్కడ నువ్వు లేవు, ఇంకెవరో వచ్చి కూసున్నరనిపించింది. ఓడినందుకు కాదన్నా. నేనొక్కదాన్నే ఆడుతున్నట్టయింది. మెచ్చుకుంట చెప్పిన గదా, నువ్వు చెప్తవా లేదా అని చూసిన. చెప్పినవ్. అయినా నా కోపం పోవాలె గద, గందుకే ఇన్నొద్దులు. వదినకు చెప్పు, తిట్టేది తిట్టిన అని. కొత్త ఆట వెట్టిన, చూస్కో."

అచ్చియ్యమ్మ మొత్తం విని, "తిట్టినాదా?" అంది. ఆ మాట తీరు ఆమెకు సగమే అర్థమయింది. అతను అవునన్నాడు. "మంచిపని సేసినాది" అని ఆమె పొయ్యి దగ్గరికి పోయింది.

గెలిచిన ఆటను అతను సైటువాళ్లకు రాసి కొట్టేయించుకున్నాడు. రేటింగు కొంత తగ్గింది. దాని గురించి అతను బాధపడినట్టు నాకు కనబడలేదు. కొత్త ఆట ఏడు వారాలు సాగింది. ఆ ఏడు వారాల్లో గంగజల మాటలు మునుపటికంటే తక్కువే వచ్చాయి. ఎత్తు మాత్రం రోజూ వచ్చేది. నేరుగా ఫోను మళ్లీ ఎప్పుడూ చెయ్యలేదు. తవిటినాయుడు ప్రతి ఎత్తుకూ ఒక సాయంత్రమంతా కూర్చున్నాడు. ఎర్ర దళం అతనిది. ఇరవై ఎత్తుల దాకా బాగా ఆడాడు. ముప్పయ్యో ఎత్తు దగ్గర, చాలా ఆలోచించి, మొదటిసారిగా తనంతట తానే ఒక శకటును వదులుకున్నాడు. అది తప్పు. నాకు తెలుసు, అతనికి రెండు ఎత్తుల తర్వాత తెలిసింది. నలభై మూడో ఎత్తుకు ఆట కట్టయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం గంగజల గొంతు వచ్చింది. వెనక కోళ్లు ఎప్పటిలా అరుస్తున్నాయి.

"ఓడిపోయినవన్నా. శకటును పోనిచ్చుడు తప్పు, అది పారదు. గని అది నువ్వే. ముమ్మాటికి నువ్వే. నాకు మస్తు మంచిగనిపించింది."

తవిటినాయుడు నవ్వాడు. ఊపిరి రుమాలును తోసుకుంటూ ఒక్కసారిగా బయటికి వచ్చింది. మళ్లీ వచ్చింది. చప్పుడు లేకుండా భుజాలు ఎగిరేలా నవ్వుతూ, పీట అంచును పట్టుకున్నాడు. నేను కదిలిపోయాను, బంట్లు రెండు పక్కకు ఒరిగాయి.

అచ్చియ్యమ్మ గబగబా వచ్చింది. "గెలిసినావేటి?"

కాదన్నాడు.

"ఓడిపోయినావా?"

అవునన్నాడు, ఇంకా నవ్వుతూనే.

"ఓడిపోయి నవ్వుతావేటయ్యా!" అంది ఆమె. పక్కకు జారిన రుమాలును మెడ మీద సరిగ్గా కట్టి, ఆరబెట్టిన బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్లింది.

అతను ఒరిగిన బంట్లను లేపి నిలబెట్టాడు. తర్వాత ఆటను చివరి నుంచి వెనక్కి నడిపించడం మొదలుపెట్టాడు. నలభై మూడు, నలభై రెండు, నలభై ఒకటి. ముప్పై దగ్గర ఆగాడు. శకటును వదులుకోకుండా వేరే గడిలో పెట్టి చూశాడు. బాగాలేదనిపించి, తీసి, మళ్లీ ఇంకో గడిలో పెట్టాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నా మీదికి వంగి చూస్తున్నాడు.